డెబ్బై దగ్గర ముల్లు

ఆ మంగళవారం పొద్దున పళ్ళ డాక్టరుగారు పెట్టుకున్నది చాలా చిన్న పని. ఆదివారం సాయంత్రం చిన్ననాటి స్నేహితుడు ఓడ ఇంజనీరు ఇంటికొస్తున్నాడు. సోమవారం అతను ఈ ఊరు వదిలి, చెల్లెలుండే ఊరికి మకాం మార్చేస్తున్నాడు. వెళ్ళేలోగా ఇద్దరూ కూర్చుని ఒక్క సిగార్ అయినా కాల్చాలి. ఆ సిగార్లు ఇంజనీరు తన ఆఖరి ప్రయాణం నుంచి తెచ్చి ఇచ్చినవే. మంచి రోజు చూసి కాలుద్దామని డాక్టరుగారు వాటిని దాచారు. దాచడంలోనే ఏళ్ళు గడిచిపోయాయి.

సిగార్లు దాచడమంటే మాటలు కాదు. దేవదారు చెక్క పెట్టె, మూత లోపల నీళ్ళు పీల్చుకున్న స్పాంజి, పక్కన తేమ ఎంతుందో చూపించే గుండ్రటి బిళ్ళ. అందులో ముల్లు డెబ్బై దగ్గరుండాలి. తగ్గితే పొగాకు ఎండి పగులుతుంది, పెరిగితే బూజు పడుతుంది. డాక్టరుగారు వచ్చిన రోగులందరికీ పొగ మానమని గట్టిగా చెప్పి, లోపలి గదిలోకి వచ్చి, పొగాకుకి దాహమేస్తోందేమోనని కంగారుపడేవారు. "మీ చుట్టలకి నీళ్ళు పెట్టారా?" అని భార్య అడిగితే, "చుట్టలు కాదు, సిగార్లు," అనేవారు. ఆ తేడా ఏమిటో ఆవిడ తలకెక్కలేదు.

ఇన్నాళ్ళూ ముల్లునే నమ్ముకున్నాం, ఆ ముల్లే అబద్ధమాడుతుంటే? ఈ అనుమానం ఆ పొద్దుటే పుట్టింది. దానికో పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, కాసిని నీటి చుక్కలతో తడిపి, బిళ్ళతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి మర్నాటి దాకా వదిలేస్తే ముల్లు డెబ్బై అయిదు చూపాలి. డాక్టరుగారు అలాగే చేసి, డబ్బాను వంటింటి గట్టు మీద వదిలి, ఇంటి ముందు గదుల్లోనే ఉన్న క్లినిక్‌లోకి వెళ్ళిపోయారు.

వంటింటి గట్టు మీదికి ఏది వచ్చినా భార్య రాజ్యంలోకి వచ్చినట్టే. ఆవిడ డబ్బా తెరిచింది. ఉప్పు చెమ్మగిల్లి ఉంది. పాపం ఈయనకి ఉప్పు దాచడం కూడా రాదనుకుని, దాన్ని పారబోసి, అంతా తుడిచి, పొడి ఉప్పు పోసి మూత బిగించింది.

మర్నాడు ముల్లు యాభై అయిదు చూపింది. డాక్టరుగారు లెక్క వేసుకున్నారు. ముల్లు ఇరవై తక్కువ చూపిస్తోందంటే, ఇన్నాళ్ళూ డెబ్బై అనుకున్నది తొంభై అన్నమాట. సిగార్లు లోపల ఈత కొడుతున్నాయి. వెంటనే స్పాంజి పీకేసి, మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు దొరికినన్ని తెచ్చి పెట్టెలో కుక్కారు.

ఆదివారం పొద్దున ఒక సిగార్ తీసి మెల్లగా నొక్కితే ఎండుటాకులా గలగలలాడింది. దాన్ని పట్టుకుని ఆయన వంటింట్లోకి వచ్చారు.

"ముల్లు తప్పని తేల్చాను కదా. మరి ఇదేంటి, ఇలా ఎండిపోయింది?"

"ఏ ముల్లండీ?"

"ఉప్పుతో పాటు డబ్బాలో పెట్టాను చూడు, అది."

"ఆ ఉప్పా? తడిసిపోయుంటే నేనే మార్చాను. మంచి ఉప్పే పోశాను."

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. "అది తడిగానే ఉండాలే."

"ఉప్పు తడిగా ఉండాలని ఎవరైనా అనుకుంటారా? ఒక్క మాట చెప్పుండాల్సింది."

నిజమే, చెప్పుండాల్సింది. ఆయన పొట్లాలన్నీ తీసేసి, స్పాంజిని నీళ్ళలో బాగా ముంచి మూతకి బిగించి, రోగుల దగ్గరికి వెళ్ళారు. తనవల్లే ఇంత జరిగిందని నొచ్చుకున్న భార్య, ఆయన చూడకుండా దాని మీద ఇంకో రెండు గరిటెల నీళ్ళు పోసింది. పోసి, క్లినిక్ నర్సు దగ్గర తన బాధ వెళ్ళబోసుకుంది. నర్సు మనసు వెన్న. ఆవిడ నీళ్ళ పిచికారీ తెచ్చి సిగార్లన్నిటి మీదా ఓపిగ్గా కొట్టింది. ఎవరికి వారు గండం గట్టెక్కించామనే అనుకున్నారు.

మధ్యాహ్నం పెట్టె తెరిచి చూసిన నర్సుకు కొంప మునిగిందని అర్థమైంది. సిగార్లు ఉబ్బి, పై ఆకులు ఊడి, నీళ్ళలో తేలుతున్నాయి. వాటిని ఆరబెట్టాలి, అదీ తొందరగా. క్లినిక్‌లో ఆరబెట్టే యంత్రం ఒక్కటే ఉంది, పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసేది. చివర్లో అది బాగా ఆరబెడుతుంది. చివర్లో ఆరబెడుతోందంటే ముందు ఏం చేస్తుందో ఆ కంగారులో ఆవిడకు తట్టలేదు. అలవాటుకొద్దీ ఒక్కో సిగార్‌నూ ఒక్కో కాగితపు సంచిలో పెట్టి, అంటించి, మీట నొక్కింది.

సాయంత్రం ఇంజనీరు వచ్చాడు. డాక్టరుగారు అతని ఎదురుగా పెట్టె తెరిచారు. లోపల వరసగా సీలు వేసిన సంచులు. క్రిములన్నీ చచ్చాయని చెప్పే గుర్తు ప్రతి సంచి మీదా నల్లగా మారి ఉంది.

"ఏంట్రా ఇవి?" అన్నాడు ఇంజనీరు.

"నువ్విచ్చినవే."

నర్సు ఏం చేసిందో ఆ సంచులే చెబుతున్నాయి. ఉప్పు దగ్గర్నుంచి ఆవిరి దాకా డాక్టరుగారు చెప్పుకొచ్చారు. ఇంజనీరు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, ఆ తర్వాత మెల్లగా నవ్వు మానేశాడు.

"అంత ఖరీదైనవి పాడుచేశాన్రా," అన్నారు డాక్టరుగారు.

"ఖరీదేంట్రా? ఓడ మెట్ల దగ్గర ఎవడో అమ్ముతుంటే కొన్నాను. పెట్టె ఊరికే ఇచ్చాడు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఏం చెప్పను? ఓడ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నీ దగ్గరికొచ్చాను, జేబులో అగ్గిపెట్టె వేసుకుని. నువ్వు మంచి రోజు చూసి కాలుద్దామన్నావు. నేను అదే మంచి రోజనుకున్నాను."

డాక్టరుగారికి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. గుమ్మంలో స్నేహితుడు కాసేపు తటపటాయించాడు. తాను పెట్టెలోంచి తలెత్తకుండానే మళ్ళీ రమ్మన్నారు. ఆ తర్వాత ఇంజనీరు రాకపోకలు తగ్గాయి. పనుల్లో ఉన్నాడులే అనుకున్నారు. ఒకే ఊళ్ళో ఉండి ఎన్ని సాయంత్రాలు పోగొట్టుకున్నారో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"తప్పు చేశాన్రా."

"నేనైనా నోరు తెరిచి అడగాల్సింది," అన్నాడు ఇంజనీరు.

ఒక సంచి చింపి, అగ్గిపుల్లలన్నీ అయిపోయేదాకా ఇద్దరూ కిందామీదా పడ్డారు. అది అంటుకోలేదు. ఇంజనీరుకు పొద్దున్నే ప్రయాణం. డాక్టరుగారు మలుపు దాకా వెంట నడిచారు. మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది, వీధేమో చిన్నది.

తిరిగొచ్చేసరికి భార్యా నర్సూ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"చుట్టలెలా ఉన్నాయండీ?" అని భయంభయంగా అడిగింది భార్య.

"శుభ్రంగా ఉన్నాయి," అన్నారు డాక్టరుగారు.