ఐదో ప్రశ్నకు ఊరి జవాబు

శనివారం పొద్దున ఎనిమిదింటిదాకా పడుకోవాలనీ, లేచి కోకో కాచుకుని తాగి మళ్ళీ పడుకోవాలనీ తైమానే టీచరు బుధవారం నుంచే అనుకుంటూ ఉంది. ఇరవై ఆరేళ్ళుగా సవాయీ దీవిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి చెప్పి ఆవిడ గొంతూ నడుమూ రెండూ అరిగిపోయాయి. ఇక పెద్ద కోరికలేవీ మిగల్లేదు, ఒక్క ఐదో ప్రశ్న తప్ప.

పాఠం చదివి జవాబులు రాయమంటే నాలుగు ప్రశ్నలదాకా పిల్లలు బంగారం. పాఠంలో వాక్యం ఉన్నదున్నట్టు ఎత్తి రాసేస్తారు. ఐదోది మాత్రం ఎప్పుడూ ‘నీ అభిప్రాయం ఏమిటి?’ అని ఉంటుంది. అక్కడ ఇరవై రెండు కాగితాలూ తెల్లగా ఉంటాయి. ఊళ్ళో పెద్దలుండగా పిల్లలకు అభిప్రాయమేమిటి, చోద్యం కాకపోతే! సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు. సగం మందైనా గట్టెక్కకపోతే ఈ బడిలో ఆఖరి తరగతి ఎత్తేస్తారు. ఆ తర్వాత పిల్లలు రోజూ రెండు గంటలు బస్సులో పోవాలి, లేదా చదువు మానాలి. మానేస్తారని తైమానేకు తెలుసు.

పుస్తకంలో పాఠాలన్నీ మంచు గురించీ రైళ్ళ గురించీ. వాటిమీద వీళ్ళకు అభిప్రాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని గురువారం తనే ఒక పాఠం అల్లింది. ఒక టీచరుకు చేమదుంపల తోట ఉంది. చెవి చిరిగిన నల్లపంది ఒకటి వచ్చి తోటంతా తినేసింది. టీచరు ఎవరినీ ఏమీ అనలేదు, ఊరికే ఏడ్చింది. ఐదో ప్రశ్న: తప్పెవరిది? ఇంటి దగ్గర రాసుకు రమ్మంది. వట్టి నల్లపంది అంటే చప్పగా ఉంటుందని పాఠంలో దాని చెవి చిరగ్గొట్టింది, అంతే.

లూపే అనే అమ్మాయి ఆ సాయంత్రం పాఠాన్ని తాతయ్యకు చదివి అర్థం చెప్పింది. ఆ తాతయ్య వైఫలే, ఊరి పెద్దల్లో పెద్ద. ఆయన మూడుసార్లు చదివించుకున్నాడు. మర్యాద తెలిసినవాళ్ళెవరూ ఫిర్యాదు మొహంమీద చెప్పరు, ఇంకేదో చెబుతున్నట్టు చెప్పి ఊరుకుంటారు. ఊరు మొత్తంమీద చెవి చిరిగిన నల్లపంది వైఫలేదే. శుక్రవారం ఆయన టీచరింటి వెనక్కి వెళ్ళి చూసుకున్నాడు. అక్కడ ఒక్క ఆకు లేదు. పాపిష్టి పంది, వేళ్ళు కూడా మిగల్చలేదనుకుని తల పట్టుకున్నాడు.

శనివారం సూర్యుడు పైకి వచ్చీ రాకముందే తైమానేకు మెలకువ వచ్చింది. ఆ దీవి ఇళ్ళకు గోడలుండవు కదా, తల తిప్పగానే ముంగిలి అంతా కనబడింది. పచ్చికమీద పదిమంది తలలు వంచుకుని కూర్చున్నారు. ముందున్న మనిషి నెత్తిమీదుగా సన్నని చాప కప్పుకుని ఉన్నాడు. ఇఫోగా! హత్యలూ ఘోరాలూ జరిగినప్పుడు చేసే క్షమాపణ అది. తను వెళ్ళి చాప తీసేదాకా ఆ మనిషి ఎండలో అలాగే కూర్చుంటాడు. తైమానే పరుగున వెళ్ళి చాప తీసింది. కింద వైఫలే.

“పెద్దయ్యా, ఆ పందిని నేను కల్పించాను. నాకసలు తోటే లేదు” అంది.

వైఫలే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, “విన్నారా? మన పరువు కాపాడ్డానికి తోటే లేదంటోంది మహాతల్లి” అన్నాడు.

తైమానే ఒట్టు వేసింది. వేసినకొద్దీ ఆవిడ మంచితనం పెరిగిపోయింది తప్ప పంది మాత్రం మాయం కాలేదు. గంటసేపు ఉపన్యాసాలయ్యాక ఆ పందినే కాల్చి తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. వైఫలే పంది ఎప్పుడూ ఒంటరిగా తిరగదని గుర్తొచ్చి ఇంకో రెండు కుటుంబాలు చాపలు కప్పుకొచ్చాయి. హెడ్మాస్టరు కెరిసియానో అటుగా వస్తే, మీరైనా చెప్పండని ఆవిడ బతిమాలింది. ఆయన మంచి ముక్క చూసి తీసుకుంటూ, “మీరు చెబితేనే నమ్మలేదు, నా మాట ఎవరు వింటారమ్మా?” అన్నాడు. మధ్యాహ్నం ఊరి కుర్రకారంతా వచ్చి ఇంటి వెనక రెండువందల చేమమొక్కలు నాటారు. నలభైమందికి కోకో కాచేసరికి తైమానే శనివారం కాస్తా అయిపోయింది.

ఆదివారం చర్చిలో ఆవిడ కూర్చునే నిద్రపోయింది. ప్రార్థన తర్వాత పెద్దల సభ జరిగిందని తెలుసుగానీ, ఎందుకని అడిగే ఓపిక లేకపోయింది.

సోమవారం ఇన్‌స్పెక్టరు తెచ్చిన పాఠంలో ఎవరిదో కుక్క పక్కింటావిడ పూలమొక్కలు పీకేసింది. ఐదో ప్రశ్న: నీ అభిప్రాయంలో ఎవరు ఏం చేసి ఉండాల్సింది? తైమానే తొంగి చూసింది. ఇరవై రెండు కలాలూ ఆగకుండా కదులుతున్నాయి. ఇరవై ఆరేళ్ళలో చూడని దృశ్యం! ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

గంట తర్వాత హెడ్మాస్టరు గదిలోకి పిలుపొచ్చింది. బడి కమిటీ పెద్దగా వైఫలే కూడా అక్కడే ఉన్నాడు. ఇరవై ఒక్క కాగితాల్లో ఒకటే అభిప్రాయమనీ, కాపీ అయితే పరీక్ష మొత్తం రద్దేననీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు. తైమానే కుర్చీలో కూలబడింది.

వైఫలే మాత్రం ఛాతీ విరుచుకున్నాడు. “కాపీ ఏంటి బాబూ? నిన్న సభలో తీర్మానించాం. జంతువు చేసిన తప్పుకి యజమానే చాప కప్పుకుని కూర్చోవాలి, కూర్చున్నాక మళ్ళీ ఆ మాటెత్తకూడదు. పిల్లలకి సొంతంగా ఆలోచించే బాధ తప్పుతుందని మేమే నేర్పాం.”

ఇన్‌స్పెక్టరుదీ ఇలాంటి ఊరే కాబోలు, నవ్వు ఆపుకుంటూ కాగితాలు మళ్ళీ తిరగేశాడు. “అభిప్రాయం ఊరిదే. ఇంగ్లీషు మాత్రం ఎవరిది వాళ్ళదే. తప్పులు కూడా ఒక్కొక్కరివి ఒక్కో రకం. కాపీ అనలేను” అని ఇరవై ఒక్కరికీ ఆ ప్రశ్నకు సగం మార్కులు వేశాడు. ఇరవై రెండో కాగితానికి పూర్తి మార్కులు. మొత్తానికి పద్నాలుగు మంది గట్టెక్కారు. తరగతి ఉంటుంది. తైమానే రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

ఆ ఇరవై రెండోది ఎవరిదని వైఫలే అడిగాడు. లూపేది. చదివి చెప్పమన్నాడు. ఇన్‌స్పెక్టరు చదివాడు: “నా అభిప్రాయంలో కుక్క తప్పూ లేదు, యజమాని తప్పూ లేదు. క్షమాపణ అడిగేముందు, అసలు అక్కడ తోట ఎప్పుడైనా ఉండేదా అని ఎవరో ఒకరు అడిగి ఉండాల్సింది.”

 వైఫలే మెల్లగా తైమానే వైపు తిరిగాడు.

“నిజంగానే తోట లేదా, టీచరమ్మా?”

“అప్పుడు లేదు పెద్దయ్యా. ఇప్పుడుంది.”

ఆ వారమే సభ మళ్ళీ కూర్చుని, ఊరి పిల్లలకు ఇకమీదట సొంత అభిప్రాయాలు ఉండవచ్చుననీ, కాకపోతే వాటిని ముందుగా సభకు చూపించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించింది.