పన్నెండు నెలల సమ్సా

కరగండ అని పేరే గానీ, జనవరిలో ఆ ఊళ్ళో కరిగేదంటూ ఏదీ ఉండదు. ఆ ఉదయం చలి సున్నాకు ముప్ఫై నాలుగు డిగ్రీల దిగువన ఉంది. ఆరు నెలల కడుపుతో ఉన్న మక్పాల్ వంటింటి కిటికీలోంచి చూస్తూండగానే పక్కింటాయన వాకిట్లో జారి కూర్చున్నాడు. లేచి టోపీ సర్దుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ కూర్చున్నాడు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నిలిచిన కడుపు. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది మూడే మూడు: జారొద్దు, విమానం ఎక్కొద్దు, వేడినీళ్ళ తొట్టెల్లో మునగొద్దు. అందుకని మక్పాల్, ఆమె భర్త దౌరెన్ టీ తాగుతూ గుట్టుగా ఒక పథకం వేసుకున్నారు. రైలెక్కి దక్షిణాన సర్యాగాష్ వెళ్ళాలి. అక్కడ మంచు లేదు, విశ్రాంతి తీసుకోవడానికి శానటోరియంలో మంచం ఉంది, మంచం పక్కనే ఎండ ఉంది.

"వారం రోజులు. మనిద్దరమే," అన్నాడు దౌరెన్.

"ముగ్గురం," అంది మక్పాల్ పొట్ట నిమురుకుంటూ.

"ఆరుగురం," అంటూ అత్తగారు కుల్పాష్ లోపలికి వచ్చింది. "వట్టి మనిషి కాదు, ఒంటరిగా పంపుతానా? మీ నాన్న పొట్టకి అక్కడి నీళ్ళు మంచివి. మీ అవ్వ మోకాళ్ళకి ఎండ మంచిది."

"మరి నీకేం మంచిదమ్మా?"

"నాకా? మిమ్మల్నందర్నీ కనిపెట్టుకుని ఉండటం."

సెలవు పెడదామనుకుంటే సలహామండలి వెంటబడింది.

రైల్లో ఒక రాత్రి గడిచింది. మర్నాడు ఏదో స్టేషన్లో దౌరెన్ దిగి, మన సమోసాల్లాంటివే, పొయ్యిలోంచి అప్పుడే తీసిన సమ్సాలు తెచ్చాడు. కుల్పాష్ పంచిపెట్టింది. అందరికీ మాంసం కూరినవి, మామగారు తొలెగెన్‌కి మాత్రం గుమ్మడికాయ కూరింది. ఆయన బొగ్గుగనిలో నాలుగు వందల మందిని గడగడలాడించిన ఇంజినీరు. పదవీ విరమణ చేశాక ఆ గడగడ మొత్తం ఆయనకే మిగిలింది. డాక్టరు మాంసం మానమంటే, భార్య మాన్పించింది.

కుల్పాష్ వేడినీళ్ళ కోసం పెట్టె చివరికి వెళ్ళింది. దౌరెన్ కిటికీ వైపు తిరిగి తింటున్నాడు. అవ్వ కునుకుతోంది. తొలెగెన్ కోడలి వైపు జరిగాడు.

"అమ్మా మక్పాల్, గుమ్మడికాయ బిడ్డకి చాలా బలమట."

"ఎవరన్నారు మావయ్యా?"

"ఇప్పుడే నేనన్నా కదమ్మా!"

సమ్సాలు చేతులు మారాయి. ఆయనది మూడు కొరుకుల్లో మాయమైంది. "మీ అత్తయ్యకి చెప్పకు. ఒట్టు?"

"ఒట్టు మావయ్యా," అంది మక్పాల్ నవ్వుతూ. మామగారి పరువు తీసే కోడలు ఆ వైపు ఇంతవరకూ పుట్టలేదు.

సర్యాగాష్‌లో దిగేసరికి నేల పొడిగా ఉంది. మక్పాల్ శాలువా విప్పి, రెండు నెలల తర్వాత మొదటిసారి నేల చూడకుండా నడిచింది. ఆ సుఖం టాక్సీ ఎక్కేదాకానే.

"దారిలో ఏం తిన్నారు?" అని అడిగాడు డ్రైవరు. దౌరెన్ స్టేషన్ పేరు చెప్పాడు. "ఆహా! అక్కడ మాంసం సమ్సా అంటే ఒంటె మాంసమే. దానికే పేరు!"

"ఆపు బండి!" అని అరిచింది ఎనభై అయిదేళ్ళ బతిమా అవ్వ.

ఒంటె మాంసం తిన్న గర్భిణి ఒంటెలాగే పన్నెండు నెలలు మోస్తుందని ఆ దేశంలో ప్రతి అవ్వకూ తెలుసు. అవ్వ వేళ్ళు ముడిచింది. "ఏప్రిల్లో రావలసిన మునిమనవడు జూలైకి పోయాడు!"

కుల్పాష్ సాయంత్రానికల్లా కరగండలోని చుట్టాలందరికీ ఫోన్ చేసింది. శానటోరియం డాక్టరు నవ్వి, "అలాంటిదేమీ లేదవ్వా," అన్నాడు.

"నీకెన్ని ఒంటెలు తెలుసు నాయనా?" అంది అవ్వ. ఆయన తనకు ఒక్కటీ తెలియదని ఒప్పుకున్నాడు.

భోజనాల బల్ల దగ్గర అవ్వ తీర్పు చెప్పింది. "ఈ దోషం పోవాలంటే ఒంటె కడుపు కింద మూడుసార్లు దూరాలి. గేటు దగ్గర ఫోటోల ఒంటె ఉంది. వద్దంటే రేపే రైలెక్కుదాం, మా పల్లెలోనూ ఒంటెలున్నాయి."

అంటే, ఒంటె కాళ్ళ మధ్యకైనా పోవాలి, మళ్ళీ మంచులోకైనా పోవాలి. మక్పాల్ మామగారి వైపు చూసింది. ఆయన ఉడికించిన క్యారెట్‌ను, దాంట్లో బొగ్గుందేమోనన్నంత శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. ఆమె ఒక్క మాటంటే అంతా అయిపోతుంది. కానీ ఒట్టు. పన్నెండు నెలల మాట ఆమె నమ్మలేదు. ఒంటె కాళ్ళను మాత్రం పూర్తిగా నమ్మింది. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన బిడ్డ మీద చెయ్యి వేసుకుని, ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర కుటుంబం, ఒంటె, వాళ్ళను చూడ్డానికి సగం శానటోరియం చేరాయి.

"తంతుందా?" అని అడిగాడు దౌరెన్.

"మంచి పిల్ల బాబూ. బుధవారం ఒకాయన్ని తన్నింది, అంతే. ఫోటో నచ్చలేదు," అన్నాడు ఒంటె యజమాని అబ్దీర్.

"నేనొప్పుకోను! ఏమన్నా అయితే?"

"ఏం కాదురా. మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు నేనూ దూరాను. చూడు, ఎలా ఉన్నాడో!" అంది అవ్వ.

అందరూ తొలెగెన్‌ను చూశారు. దానివల్ల ఎవరికీ ధైర్యం రాలేదు.

కుల్పాష్ కోడలి చెయ్యి పట్టుకుంది. మక్పాల్ ఆఖరుసారి మామగారి కళ్ళలోకి చూసింది. ఆయన టోపీ చేతుల్లో నలుగుతోంది. ఆమె మెల్లగా నడుం వంచింది. ఒంటె వెనక కాలు పైకెత్తింది.

"ఆగండి! తిన్నది నేను!"

"ఏం తిన్నారు?" అంది కుల్పాష్.

"మాంసం సమ్సా. గుమ్మడికాయది అమ్మాయి తింది. నేనే మార్పించాను. చెప్పొద్దని ఒట్టు కూడా నేనే వేయించుకున్నాను."

కుల్పాష్ ముందు కోడల్ని కావలించుకుని ఏడ్చింది. "ఏప్రిలేనే తల్లీ! ఏప్రిలే!" తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఏమండీ," అంది. ఆ ఒక్క మాటకే సగం శానటోరియం చెదిరిపోయింది.

దౌరెన్ భార్యను ఎండలో బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెచ్చి చేతికిచ్చాడు. మక్పాల్ ఊపిరి వదిలి, వెనక్కి వాలి, ఎండకు మొహం అప్పగించింది. పొట్టలో చిన్న కదలిక. ఆ రోజు ఆమెను తన్నింది లోపలివాడొక్కడే.

అవ్వ మాత్రం కర్ర ఊతంగా కొడుకు దగ్గరికి నడిచింది.

"తిన్నది నువ్వా? అయితే పద."

"అమ్మా! నాకు అరవై మూడేళ్ళు. పైగా మగాణ్ణి..."

"మాంసం తిన్నావా లేదా? పొట్ట ఉందా లేదా? దూరు!"

అమ్మ మీద ఆశ వదులుకుని భార్య వైపు చూశాడు తొలెగెన్. ఆమె మొహం చూశాక ఒంటే నయమనిపించి, నడుం వంచాడు.

ఒంటె ఆ పొట్టను ఓసారి చూసి, నెలలు నిండినవాళ్ళకు దారిచ్చినట్టు మర్యాదగా పక్కకు తప్పుకుంది.