వాటాల కంప్యూటరు

చవకైన కంప్యూటరును ఎంచుకోవడం మానవ మేధస్సు తలపెట్టిన పనులన్నింటిలోకీ ఖరీదైనదని, కాబట్టి దాన్ని ఏ ఒక్క మనిషికీ వదిలేయరాదని అందుబాటు ధరల గణనయంత్రాల ఎంపిక విభాగం వారు సెలవిచ్చారు. (ఈ విభాగం విజయనగరంలో ఒక మేడ మీద ఉంటుంది. ఆ మేడకు మెట్లు ఎంచుకునే పని ఇంకా పూర్తి కాలేదు. అందాకా నిచ్చెన వేశారు.)

ఆ క్రమంలో 2012లో ముత్యాలమ్మపేట హైస్కూలుకు ఒక కంప్యూటరు మంజూరైంది. ఖర్చులో సగం విభాగానిది, సగం ఊరిది. ముత్యాలమ్మపేట సముద్రం ఒడ్డున వేట మీద బతికే ఊరు. నేనక్కడ సోషల్ మాస్టారిని. రోజూ చీపురుపల్లి నుంచి బస్సులు మారి వస్తాను. ఎంపిక సంఘంలో కంప్యూటరు తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరాదనీ, ఉంటే పక్షపాతం వస్తుందనీ నిబంధన. ఆ అర్హత నాకు దండిగా ఉండడంతో నన్నే కన్వీనరును చేశారు.

మిగతా నిబంధనలు కూడా అంతే తేట. కంప్యూటరు చవకగా ఉండాలి గాని చవకగా కనిపించరాదు. మూడు దుకాణాల్లో ధరలు తీసుకోవాలి. తక్కువ ధరకు కొంటే సరుకు మీద అనుమానం, ఎక్కువ ధరకు కొంటే మన మీద అనుమానం, మధ్య ధరకు కొంటే ముగ్గురూ కూడబలుక్కున్నారని అనుమానం. ఈ మూడింటికీ దొరక్కుండా కొని, ఆ తర్వాత సంతకం పెట్టాలి.

ఇంత తతంగంలోనూ నిజంగా కంప్యూటరు అవసరమున్న మనిషి ఒక్కతే ఉంది. పదో తరగతి అనిత. ఫిబ్రవరిలో విజయనగరంలో జిల్లా కంప్యూటరు పోటీ ఉంది. నెగ్గినవారికి ఆమదాలవలసలో ఒక శిక్షణ కేంద్రం వారు ఏడాది పాటు తిండీ బసా ఇచ్చి ఊరికే నేర్పుతారు. సొంత కంప్యూటరు ఉన్న బడులు మాత్రమే, అదీ బడికి ఒక్కరిని పంపాలి. ఆ పిల్ల అట్టముక్క మీద కీబోర్డు గీసుకుని దాని మీదే వేళ్ళు ఆడించేది. చెమటకు అక్షరాలు చెరిగిపోతే మళ్ళీ గీసుకునేది.

అనిత అమ్మమ్మ పేరు తాతమ్మ. చేపలమ్ముతుంది. పిల్లల పెద్దల తరఫున ఆమే సంఘంలో సభ్యురాలు. ఆమె నాతో దాపరికం లేకుండా చెప్పింది.

"సదువుకి నాను అడ్డం పడను బాబూ. గానీ గుంటని కూకోబెట్టి మేపడానికి నా కాడ ఏటున్నాది? పోటీలో నెగ్గితే దాని దారి దానికి దొరుకుతాది. నేదంటే గంప ఉండనే ఉన్నాది."

సంఘం మొత్తం విజయనగరం వెళ్ళాం. హెడ్మిస్ట్రెస్ జగదీశ్వరి గారు, బడి కమిటీ చైర్మన్ ఎర్రన్న, తాతమ్మ, నేను. ఎర్రన్నకు సొంత పడవ ఉంది, దానికి తగ్గ గొంతు కూడా ఉంది. మూడు దుకాణాల్లో కొటేషన్లు తీసుకుని, వాటిలో ఒకటైన జగన్నాధం అనే ఆయన దుకాణానికి చేరాం. అక్కడ కంప్యూటర్లు వరసగా పేర్చి ఉన్నాయి. మా పరీక్ష మొదలైంది.

జగదీశ్వరి గారిది బొబ్బిలి. పుట్టింట్లో తరతరాలుగా వీణ ఉంది. ఆవిడ ఒక్కో సీపీయూ మీదా వేలి కణుపుతో కొట్టి, తల వంచి విని, "ఇది పచ్చిది, ఇంకా ఆరాలి" అన్నారు.

"మేడమ్, అది ఇనప రేకండి" అన్నాడు జగన్నాధం.

"ఏదైతేనేం? నాదం నాదమే కదా" అన్నారావిడ.

తాతమ్మ చేప మొప్పలెత్తి చూసినట్టు సీపీయూ వెనకాల ఫ్యాను రెక్కలు వేలితో ఎత్తి వాసన చూసింది. "వాసనేటీ నేదు. ఐసులో ఎట్టినాడేటి?" అని నన్నడిగింది. ఎర్రన్న నేరుగా అసలు విషయానికి వచ్చాడు.

"ఇంజినెన్ని గుర్రాలు?"

"దీనికి గుర్రాలుండవండి" అన్నాడు జగన్నాధం.

"ఉప్పుగాలికి ఆగుతాదా?"

"కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలండి."

"నీళ్ళలో పడితే తేల్తాదా?"

"తేలదండి."

"మరింకెందుకయ్యా ఇంత రేటు?" అన్నాడు ఎర్రన్న. జగన్నాధం ధరల కాగితం తీసి మళ్ళీ చదువుకున్నాడు. (తర్వాత నేనూ చాలా మందిని అడిగాను. ఎవరికీ తెలియదు.)

అప్పుడు జగదీశ్వరి గారు ల్యాప్‌టాప్ చూపించారు. "మా బొబ్బిలిలో మేలైన వీణను ఒకే పనస మానులో తొలుస్తారు. దాన్ని ఏకాండి అంటారు. అతుకు లేని దానికే పలుకు. మనం కొంటే ఇలా ఏకాండిదే కొనాలి."

ఎర్రన్న అడ్డంగా తలూపాడు. "ఒకటే ముక్కయితే ఎవలింట్ల ఎడతామమ్మా? ఒక్కడి కాడే ఉంటాది. రేపు ఆడు నాదేనంతాడు. ముక్కలున్నది సూడండి. తలో ముక్క ఎట్టుకుంతాం. ఒకడికొకడు లొంగడు."

ఇక్కడ ఆ ఊరి పద్ధతి కొంత చెప్పాలి. వేట నుంచి రాగానే పడవ ఒడ్డునే ఉంటుంది గాని, ఇంజిను ఒకరు భుజాన వేసుకుని ఇంటికి పట్టుకుపోతారు, వల ఇంకొకరింటికి పోతుంది, తెడ్లు మరొకరింటికి. వచ్చిన చేపలో పడవకొక వాటా, ఇంజినుకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా. అందరూ కూడితే తప్ప పడవ కదలదు. అందుకే ఆ ఊళ్ళో ఎన్నడూ పడవ దొంగతనం జరగలేదు. ఊరి సగం ఖర్చు కూడా పడవలవాళ్ళు ఒక రోజు వేటలోంచి తీసిన వాటాయే కాబట్టి, కంప్యూటరుకు ఈ ధర్మమే వర్తిస్తుందన్నది ఎర్రన్న వాదన. అందులో తప్పు నాకేమీ కనపడలేదు. పైగా ముక్కలదే చవక.

ధర సంగతి తాతమ్మ చూసుకుంది. ఆమె బేరానికి జగన్నాధం మొదట కూర్చున్నాడు, తర్వాత లేచాడు, ఆ తర్వాత లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు. చివరికి ఆయన నోటి నుంచి వచ్చిన ధర మూడు కొటేషన్లలో దేనికీ దగ్గరగా లేదు. నిబంధన అక్షరాలా నెరవేరింది.

కంప్యూటరు ఊళ్ళోకి వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, బొట్లు పెట్టారు, వాటాలు వేశారు. మానిటరు ఎర్రన్న ఇంటికి వెళ్ళింది. ఖర్చుకు వాటా వేసిన పడవలవాళ్ళలో సీపీయూ గంగులు ఇంటికి, కీబోర్డు బుల్లమ్మ ఇంటికి, మౌసు లక్ష్ముడి ఇంటికి వెళ్ళాయి. వైర్లన్నీ జగదీశ్వరి గారు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఉప్పుగాలి తగలకుండా బుల్లమ్మ కీబోర్డును బియ్యం డబ్బాలో దాచింది. ఎర్రన్న భార్య మానిటరుకు కొత్త తువ్వాలు కప్పింది. అంత మర్యాద ఆ ఇంట్లో అల్లుడికి కూడా జరగలేదని విన్నాను.

ఇక క్లాసు జరగాలంటే అందరూ కూడాలి. గంగులు వేటకు వెళ్తే సీపీయూ రాదు. ఆయన లేనప్పుడు ఆయన వాటా ముట్టుకోవడం ఊరి పద్ధతిలో లేదు. గంగులు వస్తే లక్ష్ముడు అత్తారింటికి వెళ్ళి ఉంటాడు. అన్నీ కూడిన రోజున కరెంటు ఉండదు. కీబోర్డు ఒక్కటే వచ్చిన రోజుల్లో అనిత దాన్నే ఒళ్ళో పెట్టుకుని టైపు చేసేది.

"అట్టకంటే నయమే మాస్టారూ! నొక్కితే లోపలికెళ్తన్నాది" అంది. మొహం వెలిగిపోతోంది.

తనిఖీకి విభాగం నుంచి హరిచరణ్ గారు వచ్చారు. వారు అదనపు ఉప పర్యవేక్షకులు (తెరలు). మీటలకు, పెట్టెలకు, తీగలకు వేరే వేరే అధికారులున్నారు. ఎర్రన్న ఇంట్లో తువ్వాలు తీసి మానిటరు చూపించగానే హరిచరణ్ గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాస్టారూ, ఏ బడికెళ్ళినా అన్నీ ఒకే టేబుల్ మీద కుప్ప పోసేస్తారండీ. నా పరిధిలో లేని కీబోర్డులు కూడా కళ్ళబడుతూ ఉంటాయి. కళ్ళు మూసుకుని సంతకం పెట్టాల్సి వస్తోంది. ఇన్నేళ్ళలో నిబంధన అర్థమైన బడి మీదొక్కటే" అన్నారు. తక్కిన అధికారులూ తలో రోజు వచ్చి తలో ఇంట్లో టీ తాగి, తమ తమ ముక్కలు భేషుగ్గా ఉన్నాయని రాసి వెళ్ళారు. ముక్కలన్నీ కలిపి చూసే అధికారి పోస్టు ఖాళీగా ఉందట.

అనిత మాత్రం ఊరుకోలేదు. పడవలన్నీ వేటకు వెళ్ళిన ఒక ఉదయం అమ్మమ్మ గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. ముత్యాలమ్మపేటలో గంపతో గుమ్మంలోకి వచ్చిన ఆడపిల్లను ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. కీబోర్డు గంపలో పడింది, మౌసు పడింది, గంగులు ఇంట్లో సీపీయూ పడింది. మానిటరు కోసం రెండోసారి వెళ్ళింది. పైన చేపలకు కప్పినట్టు తడిపిన గోనె మాత్రం కప్పలేదు, పొడి గోనె కప్పింది. వైర్లు కావాలని నన్నడిగితే, జగదీశ్వరి గారిని ప్రార్థనలో ఇంకో పాట పాడమని బతిమాలి, ఆవిడ రాగం తీస్తుండగా ఆవిడ బల్ల మీది తాళంచెవితో బీరువా తెరిచాను.

తెర వెలిగింది. తొమ్మిదో తరగతి, పదో తరగతి కలిసి పెట్టిన కేకకు కాకులు లేచిపోయాయి. అనిత వేళ్ళు మీటల మీద పడ్డాక ఇక ఆగలేదు. అట్ట మీద నేర్చిన పిల్ల కదా, కిందికి చూడడం దానికి తెలియదు. నాకు సంతోషం పట్టలేక ఆ రోజు అక్బరును బాబరుకు తండ్రిని చేశాను. ఎవరూ దిద్దలేదు. అప్పటి నుంచి పడవలు కదిలినప్పుడల్లా గంప కూడా కదిలేది. పడవలు తిరిగొచ్చేలోగా ఎవరి ముక్క వాళ్ళింటికి చేరిపోయేది. నెల తిరక్కుండా ఆ పిల్ల నాకు మార్కుల జాబితా వేసిచ్చింది, పడవ బొమ్మ గీసిచ్చింది, హరిచరణ్ గారి హోదా మొత్తం ఒక్క వరసలో పట్టేలా టైపు చేసి చూపించింది.

అలా సాగుతుండగా ఒక రోజు సముద్రం పోటెక్కి గంగులు పొద్దున్నే వెనక్కి వచ్చేశాడు. ఇంట్లో సీపీయూ లేదు. లబోదిబోమంటూ బడికొచ్చి, తన సీపీయూ అందరి ముక్కలతో కలిసి పని చేస్తుండగా కళ్ళారా చూశాడు.

"నా వాటా నాను నేకుండా ఎలగ తిరుగుతన్నాదిరా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

ఒడ్డున పంచాయితీ పెట్టారు. వాటాదారులు కూడకుండా కంప్యూటరును కంప్యూటరులా వాడిందని అనిత మీద అభియోగం. "పడవయితే ఒప్పుకుంతావేటి?" అని ఎర్రన్న నన్నే నిలదీశాడు. హరిచరణ్ గారికి కబురు వెళ్ళింది. వారు వచ్చి తెరను చూసి, పరిధి దాటుతున్నందుకు క్షమాపణ చెప్పుకుని, సీపీయూ మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశారు.

"వెచ్చగా ఉంది. వాడేశారండీ" అన్నారు.

వాడినది పాత సరుకు. బడుల్లో పాత సరుకు ఉండరాదు. కాబట్టి వెంటనే వేలం వేయాలన్నారు. ఆ సాయంత్రమే ఒడ్డున, చేపలు వేలం పాడే చోటే పాట పెట్టారు. గంగులు సీపీయూ ఒక్కటే పాడాడు, బుల్లమ్మ కీబోర్డు ఒక్కటే పాడింది. ఎవరి ముక్క మీద వాళ్ళకే ప్రేమ. తాతమ్మ కొంగు దోపి ముందుకొచ్చింది.

"కుప్ప మొత్తం నాది" అంది.

కుప్పను మొత్తంగా పాడేవాళ్ళుంటే విడిగా అమ్మకూడదు, అది ఒడ్డు కట్టుబాటు. ఒక గంప ఎండు నెత్తళ్ళ చేపల ఖరీదుకు కంప్యూటరు తాతమ్మదైపోయింది. చవకైన కంప్యూటరును ఎంచుకోవడంలో జిల్లా మొత్తం మీద నెగ్గిన మనిషి ఆమె ఒక్కతే అని నా అభిప్రాయం. జగదీశ్వరి గారు వైర్లు తెచ్చిచ్చి, అనిత తల నిమిరి వెళ్ళిపోయారు.

ఆ విధంగా అనితకు కంప్యూటరు వచ్చింది, బడికి లేకుండా పోయింది. పోటీ ముంచుకొస్తోంది. కంప్యూటరు లేని బడి నుంచి పిల్లను పంపరాదు. దానికి అనితే దారి చెప్పింది.

"నాది బడికి అరువిచ్చేస్తాను మాస్టారూ. అప్పుడు బడికి ఉన్నట్టే గదేటి?"

నేను ఎగిరి గంతేసి హరిచరణ్ గారికి ఫోన్ చేశాను. వారూ చాలా సంతోషించారు. దాతలు ఇచ్చినది పాతదైనా తీసుకోవచ్చట, ఆ అధికారం వారికే ఉందట. కాకపోతే దాతే అభ్యర్థి అయితే డబ్బున్నవాళ్ళు పోటీని కొనేసినట్టవుతుందనీ, పేదపిల్లల మేలు కోరి దానికి మాత్రం ఒప్పుకోలేమనీ, వేరే పిల్లను పంపమనీ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మీ ఆవేదనను తెరల విభాగం తరఫున నమోదు చేసుకున్నామని చెప్పి మర్యాదగా ఫోన్ పెట్టేశారు.

ఎర్రన్న కొడుకు గోవింద్ పేరు వచ్చింది. మంచి కుర్రాడే, కాని అంతవరకు కీబోర్డు ముట్టినవాడు కాదు. అనిత పక్కన కూర్చుని రోజూ నేర్పింది. "ఒరే, కిందకి సూడకు, సేతి ఏళ్ళకే తెలుస్తాది" అని వాడి కళ్ళకు తువ్వాలు కట్టి మరీ నేర్పింది. గోవింద్ జిల్లా మొదటి బహుమతితో తిరిగొచ్చాడు. వాణ్ణి చీపురుపల్లిలో ఆమదాలవలస రైలు నేనే ఎక్కించాను.

ఇంత బాగా నేర్పిన మనిషిని వదులుకోరాదని ఎంపిక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, అనితను బడికి గౌరవ కంప్యూటరు టీచరుగా నియమించింది. క్లాసు సాయంత్రం పెట్టాం, ఆమె చేపలమ్ముకుని వచ్చాక.