ఒంటె కోసం మౌనవ్రతం

శనివారం పొద్దున్న వసుమతి వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఆయన మాట్లాడకూడదు, ఆమె మాట్లాడించకూడదు. సోమవారం పొద్దున్నదాకా అంతే.

ఆయన పేరు దక్షిణామూర్తి. పగలు శాంటా క్లారాలో చిప్‌లు డిజైన్ చేసే ఇంజనీరు, మిగిలిన వేళల్లో నటుడు. టీవీలో ఒకసారి హోటల్ గుమాస్తాగా, రెండుసార్లు శవంగా కనిపించాడు. రేడియోలో పరుపుల షాపు ప్రకటనలో గురకపెట్టే సుల్తాను ఆయనే. పెళ్లిచూపుల్లో ఆ గురకను టేప్ రికార్డర్‌లో వినిపించాడు. పెద్దవాళ్లు తెల్లబోయారు గాని, వసుమతి అక్కడికక్కడే ఒప్పేసుకుంది. పెళ్లయి కాపురానికి వచ్చాక చూస్తే, ఈ ఇంట్లో ఫ్రిజ్ అలుగుతుంది, గుమ్మం దగ్గర చెప్పులు ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి, టోస్టర్ "అమ్మగారూ, కాలిపోతున్నానండీ" అని మూలుగుతుంది. ఆమె రోజూ కొత్తగా నవ్వుతుంది.

ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కార్టూన్ సీరియల్‌కి ముసలి ఒంటె గొంతు కావాలట. "ఇది రాకపోతే ఇక వేషాలు మానేసి మేనేజర్ పోస్ట్‌కి అప్లై చేస్తాను వసూ" అన్నాడు. టోస్టర్ శాశ్వతంగా మూగబోతుందని తలుచుకుంటే వసుమతికి కాఫీ సయించలేదు. ఆయన వారమంతా కార్ అద్దాలెత్తుకుని లోపల కూర్చుని ఒంటెలా అరిచాడు. శుక్రవారం నిర్మాత లిండా ఫోన్ చేసేసరికి ఆ గొంతు తుప్పుపట్టిన తలుపులా ఉంది. అయినా ఆవిడ "సోమవారం తప్పకుండా రండి" అంది. ఎంత మంచి మనిషో అనుకున్నారు ఇద్దరూ.

పదిగంటలకు ఫోన్ మోగింది. డాక్టరుగారి భార్య రాధారాణి.

"వసుమతీ, లంచ్‌కి వచ్చేయండి. మీ ఆయనకి గుత్తొంకాయ ఇష్టమట కదా."

"ఆయన రాలేరండీ."

"ఏం, ఒంట్లో బాలేదా? మా ఆయన్ని పంపించనా?"

డాక్టరుగారు వస్తే గొంతులో లైటు వేసి చూస్తారు. ఎందుకు పోయిందని అడుగుతారు. సాయంత్రానికి ఒంటె సంగతి బే ఏరియా అంతా తెలుస్తుంది, సోమవారం సిక్ లీవ్ సంగతితో సహా.

"అబ్బే, ఒంట్లో బాగానే ఉంది. మౌనవ్రతంలో ఉన్నారు" అనేసింది వసుమతి.

"ఈ వయసులోనా? ఎందుకమ్మా?"

"లోకకల్యాణం కోసం."

ఎదురుగా కూర్చున్న లోకకల్యాణకారకుడు నెత్తి కొట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి రాధారాణి అరటిపళ్లతో, కూతురు రేణుతో దిగింది. వాళ్ల వెనకాలే, ఆఫీసులో దక్షిణామూర్తి పక్క సీటు కృష్ణమోహన్. చలికి శాలువా కప్పుకుని సోఫాలో కూర్చున్న దక్షిణామూర్తిని చూడగానే రాధారాణి చేతులు జోడించింది.

"పేరులోనే ఉంది చూడండి. నోరు తెరవకుండా ఉపదేశం చేసే దేవుడి పేరు. ఇన్నాళ్లూ మనకి తట్టలేదు."

కృష్ణమోహన్ కింద కూర్చున్నాడు. "అన్నయ్యా, డల్లాస్ నుంచి ఆఫర్ వచ్చింది. తీసుకోమంటావా, ఇక్కడే ఉండమంటావా?"

దక్షిణామూర్తి దాహమేసి వేడినీళ్ల ఫ్లాస్కు చూపించాడు.

"ఏమంటున్నాడు వదినా?"

వేడినీళ్లంటే ఎందుకని అడుగుతారు, గొంతు సంగతి బయటపడుతుంది. "వేడి ప్రదేశానికి వెళ్లమంటున్నారు" అంది వసుమతి.

కృష్ణమోహన్ కళ్లు మెరిశాయి. "టెక్సాస్. మండే రిజైన్ చేసేస్తా."

దక్షిణామూర్తి కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"రెండు చేతులా దీవిస్తున్నాడే" అన్నాడు కృష్ణమోహన్, కళ్లు తుడుచుకుంటూ.

"ఆంటీ, అంకుల్ ఏమీ చెప్పట్లేదు. ఆల్ మీరే చెప్తున్నారు" అంది రేణు.

"నోర్ముయ్, కళ్లు పోతాయి" అంది రాధారాణి.

ఆదివారం పొద్దున్నకల్లా ఫ్రీమాంట్ నుంచి, సన్నీవేల్ నుంచి కార్లు వచ్చాయి. అపార్ట్‌మెంట్ కారిడార్ పొడుగునా చెప్పులు. కింది వాటా అమెరికన్ ముసలాయన చెప్పుల సేల్ అనుకుని వచ్చి, ప్రసాదం తిని, మోకాలినొప్పి సంగతి అడిగాడు. గ్రీన్‌కార్డ్ ఎప్పుడు? అమ్మాయికి సంబంధం ఎప్పుడు? పాత కార్ రిపేర్లు ఎప్పటికి ఆగుతాయి? ఓర్పు నశించి దక్షిణామూర్తి తలుపు వైపు వేలు చూపించాడు.

"మోక్షానికి దారి ఎప్పుడూ తెరిచే ఉందంటున్నారు" అంది వసుమతి. అందరూ లేచి తలుపుకు దణ్ణం పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నారు.

అలా ఆయన చిటికెనవేలు కదిపినా వసుమతి వివరించాల్సి వచ్చింది. దగ్గరివాళ్లకు మెల్లగా, కారిడార్‌లో వాళ్లకు గట్టిగా, ముసలాయనకు ఇంగ్లిష్‌లో. నిజం చెప్పాలంటే ఆమెకు సరదాగానే ఉంది. సాయంత్రం రాధారాణి "వ్రతం ఎక్కడ విరమిస్తారమ్మా?" అని అడిగేసరికి అలసటలో "శాన్‌ఫ్రాన్సిస్కోలో" అని నిజం చెప్పేసింది.

అందుకని సోమవారం వాళ్ల కార్ వెనక ఇంకో ఆరు కార్లు బయల్దేరాయి. స్టూడియో హాలు పట్టుచీరలతో, కొబ్బరికాయలతో నిండిపోయింది. లిండా ఒకసారి అటు చూసి, ఏమీ అడగకుండా భార్యాభర్తలను లోపలికి తీసుకెళ్లి తలుపు మూసింది. గాజు అద్దానికి అవతల భక్తులు వరసగా నిలబడ్డారు.

"ఈ ఒంటె గొంతులో ఎడారిలో ఉన్న ఇసుకంతా వినిపించాలి" అంది లిండా. "ఎంతమందిని విన్నానో. ఫోన్‌లో మీ గొంతు విన్నాక నాకు రాత్రి హాయిగా నిద్రపట్టింది."

దక్షిణామూర్తి మైకు ముందు నిలబడి నోరు తెరిచాడు. రెండు రోజుల విశ్రాంతి తర్వాత వచ్చిన గొంతు తేనెలా, గుడిగంటలా ఖంగుమంది. ఆకాశవాణిలో వార్తలు చదవడానికి పనికొస్తుంది.

లిండా పెన్ను కింద పెట్టేసింది. "శుక్రవారం నాటి గొంతు ఏమైంది?"

"రెస్ట్ ఇచ్చానండీ" అన్నాడు దక్షిణామూర్తి. ఆవిడ ఎందుకు రమ్మందో అప్పుడు అర్థమై, ఆయన మొహం మేనేజర్ పోస్ట్‌కి అప్లై చేసినవాడిలా అయిపోయింది.

ఆ మొహం చూడలేక వసుమతి లేచింది. "మేడమ్, ప్లీజ్, వన్ మోర్ ఛాన్స్. మళ్లీ అరిపించి తీసుకొస్తాను. ఇంతకంటే చాలా ఘోరంగా ఉంటుంది ఆయన గొంతు" అని ఏడుపుగొంతుతో ఇంగ్లిష్‌లో బతిమాలుకుంది. ఇంకా చెప్పబోయింది గాని, మాటలకు బదులు రాళ్లు దొర్లిన చప్పుడు వచ్చింది. రెండు రోజులు లోకకల్యాణాన్ని వివరించిన గొంతు అది.

లిండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకు ఆమె వైపు తిప్పింది. "ఆ ఆఖరి మాట మళ్లీ చెప్పండి. అలాగే ఏడుస్తూ."

అరగంటలో కాగితాలు వచ్చాయి. ఒంటె వసుమతి. ఆ ఒంటెను తోలుకెళ్లే వర్తకుడు, వాడి గాడిద, దారిలో ఎడారి గాలి, ఇవన్నీ దక్షిణామూర్తి. మేనేజర్ పోస్ట్ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఒంటె బొంగురుతనం తగ్గకుండా చూసుకునే బాధ్యత మాత్రం లిండా కాంట్రాక్ట్‌లో భర్త మీదే పెట్టింది.