వీధంతా నాయిస్ తగ్గించిన రోజు

ఆ శనివారం ముబీనా వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికేమీ లేదు. కాలేజీకి సెలవు. మధ్యాహ్నానికి బొమ్మ పూర్తవుతుంది. దాన్ని సీడీలోకి ఎక్కించి, సాయంత్రం హైదరాబాదు బస్సెక్కే బంధువు చేతికిస్తే, అక్కడ స్నేహితురాలు పద్మప్రియ పెద్ద సైజులో ప్రింటు తీయించి కళాప్రదర్శనలో పెడుతుంది. కడపలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ, చేసిన బొమ్మలు ఎవరికీ చూపించకుండా దాచుకున్న మనిషికి, తన పేరు గోడమీద చూసుకునే అవకాశం రావడం అదే మొదటిసారి.

అది చేత్తో గీసిన బొమ్మ కాదు. ఒక లెక్కలో వచ్చిన జవాబును మళ్లీ అదే లెక్కలో వేసి, అలా తిప్పుతూ పోతే పుట్టే ఫ్రాక్టల్. 2009 చివర్లో అలాంటివి మూడు కొలతల్లో చేయడం ఆమెకు కొత్తగా పట్టుకున్న పిచ్చి. తెరమీద అదొక గుహలా ఉండేది. గోడల నిండా పక్కటెముకల్లాంటి చారలు, ప్రతి చారలో మరో చిన్న గుహ, దాని లోపల ఇంకోటి. ఎంత దగ్గరికెళ్లినా అడుగు తగలదు. ఆ లోతులోంచి ఏదో తననే చూస్తున్నట్టనిపించి ముబీనాకే అప్పుడప్పుడు వీపు జలదరించేది.

ఇబ్బందల్లా నీడలతోనే. వెలుగు సరిగా చేరని చోట కంప్యూటర్ ఒక్కో చుక్క రంగును అంచనా వేస్తుంది. అంచనాలు చాలకపోతే నలుపు మీద తెల్లరవ్వ చల్లినట్టు అవుతుంది. ఆ రవ్వనే వాళ్లు నాయిస్ అంటారు. అదే చోటికి మళ్లీమళ్లీ కిరణాలు వదిలి సగటు తీసేకొద్దీ రవ్వ కరిగి, గోడ నున్నగా తేలుతుంది. అందుకే యంత్రాన్ని రోజుల తరబడి ఆపకుండా వదిలేసింది.

"నాయిస్ ఇంకా శానా ఉండాది పద్మా," అంది ఫోన్లో. "అది పోతేనే లోపలుండేది బయటికొస్తాది. సాయంత్రం లోపల తగ్గకపోతే నా పని అయిపోయినట్టే."

వంటింట్లో అల్లం దంచుతున్న అత్తగారు షంషాద్ బీ చెయ్యి ఆగిపోయింది. కొడుకు పెరట్లో గడ్డం గీసుకుంటుంటే దగ్గరికెళ్లింది.

"ఫిరోజూ, నాయిస్ అంటే ఏందిరా?"

"చప్పుడు," అన్నాడు ఫిరోజ్ నురగలోంచి.

తెరమీద రోజురోజుకీ తేటపడుతున్న ఆ ఎముకల గూటిని షంషాద్ బీ కిటికీలోంచి చూస్తూనే ఉంది, అది కోడలి ఎక్స్‌రే అనుకుంది. కోడలంటే ఆమెకు ప్రాణం. గది తలుపు మెల్లగా దగ్గరికి లాగి, కొంగు తలమీదికి కప్పుకుని వీధిలోకి వెళ్లింది.

"వెంకటలక్ష్మమ్మా, మా ముబీనాకు చప్పుడు తగలగూడదంట. తగిల్తే పని అయిపోతాదంట. సాయంత్రం దాకా కాపాడుకోవల్ల."

"అయ్యో! ఎవురు చెప్పిరి?"

"హైదరాబాదుకు ఫోన్ చేసి మాట్లాడతాంటే నేనే విన్యా."

ఎదురింటి వెంకటలక్ష్మమ్మకు హైదరాబాదంటే పెద్దాసుపత్రి ఒక్కటే. "తలకాయలో నరం," అని అక్కడికక్కడే తేల్చేసి, వీధి రెండో పక్కకు తానే బయల్దేరింది.

ముబీనా ఇంటి వెనక గోడను ఆనుకుని రామకోటయ్య బండల కార్ఖానా ఉంది. అక్కడ రాయి కోసే మిషన్లు పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా ఆగవు. "మా పాపకు కంప్యూటర్ నేర్పిన టీచరమ్మ కదా," అని ఆయన మారుమాట లేకుండా మీట కట్టేసి, కూలీలను ఇళ్లకు పంపేశాడు. గుడి మైకు ఆగింది. పిండిమర ఆగింది. వార్త ఆటోస్టాండు చేరేసరికి కొంచెం పెరిగి, "అయిపోయిందంట" అన్నదాకా వచ్చింది.

లోపల ముబీనా తెరవైపే చూస్తోంది. గుహ మూలల్లో రవ్వ ఒక్కో పొరా కరుగుతోంది. ఎందుకో చెవులు గుయ్యిమన్నాయి. మిషన్ల రొద లేదు. కుక్కరు కూత లేదు. తన ఊపిరే తనకు పక్కనెవరో పీలుస్తున్నట్టు వినిపించింది. తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

ఎండ ఎప్పటిలాగే కాస్తోంది. అరుగుల మీద ఆడవాళ్లు పిల్లల నోళ్లు మూసి పట్టుకుని కూర్చున్నారు. ఒక ఆటోను, లోపల మనుషులతో సహా, ఇంజను ఆపి తోసుకుంటూ పోతున్నారు. మేక మెడలో గంటకు ఎవరో గుడ్డ కుక్కారు. ఆమెను చూసినవాళ్లు చూపు దించుకున్నారు. ముబీనా వెనక్కి తిరిగి గదివైపు చూసింది. తాను గానీ ఆ తెరలోపలికి వెళ్లిపోలేదు కదా?

షామియానా లాజరు భుజం మీద గడకర్రలతో చెప్పులు విడిచి పిల్లిలా వస్తున్నాడు.

"షామియానా ఎవరికన్నా?" అంది. ఎందుకో ఆమె గొంతూ గుసగుసగానే వచ్చింది.

"ముబీనా టీచరమ్మ పాయనంట," అంటూ తలెత్తాడు లాజరు.

"నేనే లాజరన్నా."

లాజరు మొహంలో నెత్తురు లేదు. గడకర్రలు ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా నేలమీద పెట్టాడు.

అప్పటికి షంషాద్ బీ పరుగున వచ్చి కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. గుసగుసల్లోనే సంగతంతా బయటపడింది.

"అయ్యో అత్తా! నాయిస్ అంటే చప్పుడు కాదు. బొమ్మలో చుక్కలు. రాండి, మీరే చూద్దురు."

అందరూ గదిలోకి దూరారు. రామకోటయ్య, వెంకటలక్ష్మమ్మ, లాజరు, నురగ ఆరిపోయిన గడ్డంతో ఫిరోజ్. ముబీనా గుహ లోతు చూపించింది. "ఈడ చూడండి, ఈ రవ్వ. ఇది పోవల్ల, అంతే."

వెంకటలక్ష్మమ్మ తెరకు దగ్గరగా వంగింది. "లోపల ఎవరన్నా ఉండారామ్మా?"

టక్.

వెంకటలక్ష్మమ్మ చటుక్కున వెనక్కి జరిగింది.

టక్. టక్. తర్వాత, బరువైన బండ కిందినుంచి వచ్చినట్టు, ఒక సన్నని మూలుగు.

షంషాద్ బీ పెదవులు ప్రార్థనలోకి దిగాయి. రామకోటయ్య శివశివా అన్నాడు. లాజరు ఏసయ్యా అంటూ బల్లకింద చేతికందిన వైర్లన్నీ ఒక్క ఊపున పీకేశాడు. తెర నల్లబడింది. గుహ, రవ్వ, రోజుల తరబడి తీసిన సగటు అన్నీ పోయాయి. ముబీనా నోరు తెరిచింది గానీ ఏడుపు రాలేదు.

ఎందుకంటే, నల్లబడ్డ తెర వైపు నుంచి మళ్లీ వినిపించింది. టక్. టక్.

లాజరు గుమ్మం దాటేశాడు. ముబీనా మాత్రం, పోవాల్సింది ఎటూ పోయిందన్న తెగువతో, తెర వెనకున్న గోడకు చెవి ఆనించింది. గోడ చల్లగా ఉంది. మూలుగు ఈసారి మాటలా వినబడింది.

"యాడనప్పా... ఎవరన్నా..."

"ఇది దెయ్యం కాదు," అని అరిచింది. పొద్దుట్నుంచి ఆ వీధిలో ఎవరైనా గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "మీ కార్ఖానాలో మనిషి ఉండాడు!"

పరుగెత్తారు. గోడవారన నిలబెట్టిన బండల వరస ఒకటి జారి అడ్డంగా పడి ఉంది. దాని వెనక సందులో బండలకు పాలిష్ పట్టే పెద్ద ఈరన్న, కాలు ఇరుక్కుని, చేతిలో రాతిముక్కతో. అతను మహానందికి పోతానని నిన్ననే సెలవడిగాడు. తెల్లారి పొద్దున, ఎవరూ రాకముందు, మరిచిపోయిన టిఫిన్ క్యారియర్ కోసం సందులోకి దూరాడు. అతను మహానందిలో ఉన్నాడని కార్ఖానా, క్యారియర్ కోసం పోయి కార్ఖానాలోనే పనికి ఆగిపోయాడని ఇల్లు నిశ్చింతగా ఉన్నాయి. మిషన్లు తిరుగుతున్నంతసేపూ అతను కొట్టింది అతనికే వినపడలేదు. సొమ్మసిల్లి, తెలివొచ్చి మళ్లీ కొట్టేసరికి వీధంతా నిశ్శబ్దంగా ఉంది.

లాజరు గడకర్రలతోనే బండలు ఎత్తారు. తోసుకుంటూ పోతున్న ఆటోకే ఇంజను వేసి అతన్ని ఆసుపత్రికి చేర్చారు. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. కాలు అతుక్కుంటుందన్నాడు.

సాయంత్రం ముబీనా, అంతకుముందు రోజు దాచిన పాత బొమ్మనే, రవ్వతో సహా సీడీలో ఎక్కించి పంపింది. పంపినందుకు రాత్రంతా సిగ్గుపడింది. ప్రదర్శన మొదలయ్యాక పద్మప్రియ ఫోన్ చేసింది. "అందరూ నీ బొమ్మ కాడనే నిలబడతాండారే. గుహలో రాతిదుమ్ము అంత సహజంగా ఎట్లా తెచ్చినావని అడుగుతాండారు. ఏం చెప్పమంటావు?"

"పక్కన బండల కార్ఖానా ఉండాదని చెప్పు," అంది ముబీనా.

ఆ మాట చెప్పి నవ్విద్దామని పళ్లు తీసుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఈరన్న కాలికి కట్టుతో, ఎర్రబడ్డ కళ్లతో పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. నొప్పిగా ఉందా అని అడిగితే అదేం లేదన్నాడు. వార్డు మరీ నిశ్శబ్దంగా ఉండటంతో నిద్ర పట్టడం లేదట.