మంగళవారం ఇచ్చిన రక్తం

మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు, ఏడవకుండా రక్తం ఇచ్చి రావాలి. రాజేశ్వరమ్మకు ఆ రోజు ఉన్న పని అదొక్కటే.

భర్త చంద్రశేఖరరావు పోయి మూడు నెలలైంది. అప్పటినుంచి ఆవిడకు నిద్ర లేదు, మొహం ఉబ్బింది, బీపీ దిగిరానంటోంది. మనిషి దిగులు పడితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుందట. రక్తంలో అది ఎంతుందో చూడాలన్నాడు డాక్టరు. పరగడుపున, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు ఇవ్వాలని కూడా అన్నాడు.

ఆ నిమ్మళం బాధ్యతను కొడుకు ఉమేష్ నెత్తిన వేసుకున్నాడు. మార్కాపురంలో తండ్రి పెట్టిన స్టీలు సామాన్ల దుకాణాన్ని ఎలా చూసుకుంటున్నాడో, తల్లి దుఃఖాన్నీ అలాగే చూసుకుంటున్నాడు. ఏదీ కిందపడి చప్పుడు కాకూడదు! తండ్రి ఫోటోను బీరువాలో పెట్టించాడు. ఇంట్లో ఆయన మాట ఎత్తితే భార్య ప్రియాంక మీద కూడా కళ్లెర్రజేసేవాడు. ఆయన గురించి ఎవరితోనైనా కరువుతీరా మాట్లాడి, ఒక్కసారి ఏడవాలని రాజేశ్వరమ్మకు ఉండేది. కొడుకు మొహం చూసి మింగేసేది.

మంగళవారం పూట ఎవరూ పరామర్శకు రారు. అందుకే ఉమేష్ పరీక్షకు ఆ రోజు ఖాయం చేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అతిజాగ్రత్త కొద్దీ ముందురోజు బంధువుల వాట్సాప్ గ్రూపులో మెసేజి పెట్టాడు. "రేపు ఎనిమిదికి అమ్మకు బస్టాండు దగ్గర ల్యాబులో రక్తపరీక్ష. దయచేసి ఎవరూ ఇంటికి రావద్దు."

ఎవరూ ఇంటికి రాలేదు.

పొద్దున కుక్కరు ఈల వేస్తుందని పొయ్యి వెలిగించనివ్వలేదు. ఆటోను నడక కంటే నిదానంగా పోనివ్వమన్నాడు. మలుపు మలుపుకూ "అమ్మా, టెన్షన్‌గా లేదు గదా?" అని అడిగాడు.

"లేదు నాయనా. నువ్వు అడిగినప్పుడే వస్తాంది."

ల్యాబు ముందు ఆటో ఆగేసరికి పొదిలిలో ఉండే ఆడపడుచు మణెమ్మ చేతికర్రతో నిలబడి ఉంది. కాలు విరిగి, సొంత అన్న చావుకు రాలేకపోయిన మనిషి. ఆమె వెనక గిద్దలూరు నుంచి వచ్చిన చుట్టాలు అరడజను మంది.

"అత్తా, మంగళారం పూట ఏంది ఇది?" అన్నాడు ఉమేష్.

"ఇంటికి రావొద్దంటివి, రాలేదు. మంగళారం ఇంటికి పోగూడదు గానీ, ల్యాబుకు పోగూడదని ఎవురు చెప్పినారు?"

చావు తర్వాత వదినను చూడటం అదే మొదలు. ఏడవకుండా పలకరిస్తే ఆ వైపు మర్యాద అనిపించుకోదు. మణెమ్మ కర్ర వదిలేసి, రాజేశ్వరమ్మ మెడ చుట్టుకుని "ఓ అన్నా!" అని శోకం ఎత్తింది. గిద్దలూరు వాళ్లు అందుకున్నారు. రాజేశ్వరమ్మ పెదవి బిగబట్టింది. తను ఏడిస్తే కొడుకు పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే.

ల్యాబులో ఎవరో పోయారని బజారుకు అర్థమైంది. టిఫిన్ బండివాడు స్టవ్ ఆర్పేశాడు. ఎదురు దుకాణంవాడు షట్టరు సగానికి దించాడు. లోపల రక్తం ఇవ్వడానికి కూర్చున్న ఇద్దరు నెమ్మదిగా లేచి వెళ్లిపోయారు. ఎవరో పుణ్యాత్ముడు పూలదండ తెచ్చి, ఎవరికి వేయాలో తెలియక ఉమేష్ చేతిలో పెట్టాడు. ఇంతలో ఒక వ్యాను డ్రైవరు వినయంగా దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరికి తీసకపోవాల అన్నా? పాపం, అమ్మ ఎట్ల పోయింది?"

"మా అమ్మ బాగుంది! అదో, ఆడ నిలబడుండాది!"

"మరి పోయింది ఎవురన్నా?"

"మా నాయన!" అని అరిచాడు ఉమేష్. "పోయింది మా నాయన!"

మూడు నెలల్లో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. దండ పట్టుకునే మెట్టు మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చాడు. రాజేశ్వరమ్మకు అప్పుడు అర్థమైంది. తను వీడి కోసం మింగితే, వీడు తన కోసం మింగుతున్నాడు. ఆవిడ పక్కన కూర్చుని కొడుకు తలను ఒళ్లోకి తీసుకుంది.

"ఏడ్చు నాయనా, ఏడ్చు. ఎంత మంచి మనిషిరా ఆయన! పెండ్లైన కొత్తల్లో ఒక గిన్నె మీద నా పేరు చెక్కి తెచ్చినాడు. చేతికియ్యను సిగ్గై, వంటింట్లో బోర్లించి పోయినాడు..."

అంతే, ఆవిడకూ కట్ట తెగింది.

ల్యాబు అమ్మాయి ఎలీషబా సిరంజితో గుమ్మంలోకి వచ్చింది. "పెద్దమ్మా, టైమైపోతాంది. లోపలికి వస్తారా?"

"ఈడనే తీసుకో తల్లీ," అని రాజేశ్వరమ్మ ఒక చెయ్యి చాపింది. రెండో చెయ్యి కొడుకు తల మీదే ఉంది.

ఆ రాత్రి ఆవిడ తెల్లారేదాకా ఒళ్లెరక్కుండా నిద్రపోయింది. మర్నాడు రిపోర్టులో కార్టిసాల్ ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉందని వచ్చింది. ఏడుస్తూ ఇచ్చిన రక్తం లెక్కలోకి రాదు, వచ్చే మంగళవారం మళ్లీ ఇవ్వమన్నాడు డాక్టరు.

"ఈసారి చీమకు గూడా తెలియగూడదమ్మా," అన్నాడు ఉమేష్.

"అట్లనే నాయనా," అంది రాజేశ్వరమ్మ. అతను దుకాణానికి వెళ్లగానే పొదిలికి ఫోను చేసి, పోయినసారి రాలేకపోయినవాళ్లను కూడా వెంటబెట్టుకు రమ్మంది.