తెన్కాన్ అంటే మార్పు

ఇసావోకి మూర్ఛ మీద కన్నా మూర్ఛ పథ్యం మీద కోపం ఎక్కువ. మరుగామె ఊళ్లో పుట్టి ఉడోన్ తినకూడదంటే ఇక ఆ పుట్టుక దేనికి? అక్కడి పిల్లలు అక్షరాల కన్నా ముందు ఆ లావుపాటి గోధుమ నూడుల్స్ జుర్రడం నేర్చుకుంటారు. వైద్యుడేమో అన్నం, పిండి మానేసి చేపలు, గుడ్లు, నూనె తినమన్నాడు. అప్పటి నుంచీ ఇంట్లో ఆయన పేరు నూనె డాక్టరు.

చిక్కేమిటంటే పథ్యం పనిచేసింది. ఇరవై రెండు నెలలుగా ఒక్క మూర్ఛా రాలేదు. ఇంకో రెండు నెలలు ఇలాగే గడిస్తే లైసెన్సు తిరిగి చేతికొస్తుంది, తాము తయారుచేసే విసనకర్రల వ్యాను మళ్లీ అతనే నడుపుకోవచ్చు. ఇప్పుడు నడిపేది భార్య ఫుమియే. ఇసావో పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ ఉంటాడు.

ఒకరోజు భోజనం దగ్గర, నూనెలో ఈదుతున్న టోఫూని చూస్తూ అన్నాడు.

"వ్యాయామశాలలో చేరదామనుకుంటున్నాను."

ఫుమియే చేతిలో తినే పుల్లలు ఆగిపోయాయి. "మెట్లెక్కమంటే మోకాళ్లంటారు. మీరా?"

"మూర్ఛ ఉన్నవాళ్లకి కసరత్తు మంచిదని నూనె డాక్టరే కదా చెప్పాడు."

"పక్కన విషయం తెలిసిన మనిషి ఉండాలని కూడా చెప్పాడు. అక్కడ మీ జబ్బు సంగతి చెప్పాకే చేరండి."

"చెప్తాలేవే."

ఆ వ్యాయామశాల వెనక తలుపు తొమే గారి ఉడోన్ కొట్టు ముందుకి తెరుచుకుంటుందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

చేరడానికి వెళ్తే, బల్ల దగ్గరున్న అమ్మాయి ఏమైనా చెప్పాల్సినవి ఉన్నాయా అని అడిగింది. ఇసావో సిగ్గుతో గొంతులోనే "తెన్కాన్" అని గొణిగాడు. అక్కడి భాషతో అదే తంటా. తెన్కాన్ అంటే మూర్ఛ, తెన్కాన్ అంటే మార్పు కూడా. తేడా రాతలోనే, పలుకులో లేదు.

"అది అందరికీ కావలసిందే కదండీ" అని నవ్వి, ఆ అమ్మాయి కార్డు మీద 'మార్పు కోసం' అని రాసుకుంది.

తన జబ్బు గురించి అంత ఆదరంగా మాట్లాడిన మనిషిని ఇసావో ఎన్నడూ చూడలేదు. అందరికీ ఎందుకు కావాలో మాత్రం ఎంత ఆలోచించినా బోధపడలేదు.

వారానికి మూడు రోజులు. వెళ్లడం, చొక్కా మార్చుకోవడం, వెనక తలుపులోంచి ఉడాయించడం, ఉడోన్ లాగించడం, తువ్వాలు కుళాయి కింద తడుపుకుని "అబ్బ, ఏం చెమట" అంటూ ఇల్లు చేరడం. మొదటి రెండు రోజులూ స్వర్గమే.

మూడో రోజు ఏదో తేడా కొట్టింది. ఉడోన్ పంటి కింద సాగడం మానేసి జారిపోతోంది. గోధుమ వాసన లేదు. అసలు రుచే లేదు.

"తొమే గారూ, పిండి మార్చారా?"

"నలభై ఏళ్లుగా అదే పిండి. మీ నోరు బాగోలేదేమో, చూపించుకోండి" అంది తొమే గారు, గిన్నెల మీంచి తల ఎత్తకుండా.

ఇసావోకి భయం పట్టుకుంది. ఉన్నట్టుండి వింత రుచి తగిలితే మూర్ఛ గుమ్మంలో ఉన్నట్టే, దాచొద్దని నూనె డాక్టరు ఏనాడో చెప్పాడు. కానీ ఇంట్లో గుడ్డు గుడ్డులాగే ఉంది, చేప చేపలాగే ఉంది. ఒక్క ఉడోన్‌కి మాత్రమే వచ్చే మూర్ఛ కూడా ఉంటుందా? చెబితే దొంగతిండి బయటపడుతుంది, లైసెన్సూ పోతుంది. చెప్పకపోతే రేపు తను వ్యాను నడుపుతుండగా వస్తే? పక్క సీట్లో ఉండేది ఫుమియే. ఆ ఆలోచన వచ్చాక కంటికి కునుకు లేదు.

మూడు వారాలు నలిగి నలిగి, ఒక సాయంత్రం విసనకర్రలు దించి వస్తుండగా నోరు విప్పాడు.

"ఫుమియే, బండి పక్కకి ఆపు. డాక్టరు దగ్గరికి పోదాం. నాకు మూర్ఛ వచ్చేలా ఉంది. లైసెన్సు పోతే పోనీ."

ఫుమియే బండి ఆపింది. "ఎలా తెలిసింది?"

"నాలుక చెడింది. ఉడోన్‌కి రుచే తెలియడం లేదు."

"ఏ ఉడోన్?"

వెనక తలుపు, తడి తువ్వాలు, అన్నీ కక్కేశాడు. ఆవిడ అరవలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"మీరు రెండు రోజులు వెళ్లగానే అక్కడికి ఫోన్ చేశాను" అంది. "మావారు తెన్కాన్ సంగతి చెప్పారా అని అడిగాను. 'చెప్పారండీ, చక్కగా మారుస్తున్నారు కూడా. రాగానే చొక్కా మారుస్తారు, వెనక నుంచి వెళ్లిపోతారు' అంది ఆ పిల్ల. వెనక ఏముందో వెళ్లి చూశాను."

"అయితే తొమే గారు..."

"మీకు వేరే గిన్నె పెట్టారు."

ఇసావోకి పౌరుషం పొడుచుకొచ్చింది. "మొగుడూ పెళ్లాల మధ్య ఆవిడెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందే. మీరు మూడు వారాలుగా తిన్నది కంద జాతి దుంపే. కొన్యాకు నూడుల్స్. గోధుమ పిండి చిటికెడు కూడా లేదు."

"మరి ముందే చెప్పొచ్చుగా. భయంతో చచ్చాను."

"నేనూ చచ్చాను" అంది ఫుమియే. "ఇంకో నెలలో మీరు స్టీరింగు పడతారు. లైసెన్సు కోసం రేపు మూర్ఛని కూడా ఇలాగే దాస్తారేమోనని. మీ అంతట మీరే చెప్తారా లేదా అని చూస్తూ కూర్చున్నాను. ఇవాళ చెప్పారు."

ఆవిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు, తిన్నగా వ్యాయామశాలకి తీసుకెళ్లింది. కార్డు మీద 'మార్పు' కొట్టించి 'మూర్ఛ' అని రాయించింది. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది, మూడుసార్లు వంగి క్షమాపణ చెప్పుకుంది, ఆ పైన గంటసేపు అతని పక్క నుంచి కదలకుండా గుంజీలు తీయించింది. వెనక తలుపుకి తాళం పడింది.

బయటికొచ్చాక ఫుమియే తువ్వాలు అందుకుని వాసన చూసింది. "ఇది చెమటే" అని ఒప్పుకుంది.

కొట్టు ముందు నీళ్లు చల్లుతున్న తొమే గారు పలకరించింది. "ఏం ఇసావో గారూ, ఏం పెట్టమంటారు?"

ఇసావో ఓసారి భార్య వంక చూసి తల దించుకున్నాడు.

"కందే పెట్టండి."